పది బండ్ల కల్లు

మౌలా కాక చనిపోయిన నలభయ్యో దినాన ఫాతెహా చదివించి అందరికీ అన్నం పెడుతున్నామని కబురు వస్తే పోయిన నెల మా ఊరికి వెళ్లాను. రాయచూరు నుంచి బస్సులో గంట కూడా పట్టని ఊరు, అయినా చాలా ఏళ్లుగా ఆ దిక్కు పోలేదు. ఆయన కొడుకు రసూల్ నన్ను ఆడవాళ్ల వరుసలో మొదట కూర్చోబెట్టి తన చేత్తోనే వడ్డించాడు. మధ్యలో ఎవరో దూరపు చుట్టం మౌలా కాక కుడిచేతి ప్రస్తావన తెచ్చాడు. ఆ చేతికి మూడు వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, చచ్చిన కొమ్మలా ఉండేవి. "గది పుట్టుకతోనేనా భయ్?" అని అడిగాడు. "లే లే. గిర్నీల పట్టాకు చిక్కి నలిగింది. నేను పుట్టకముందు మాట. అబ్బా గట్లనే చెప్తుండె," అన్నాడు రసూల్, గరిటె ఆపకుండా. నా చేతిలో ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆ చెయ్యి పిండిగిర్నీ బెల్టులో చిక్కలేదు. అది ఎలా నలిగిందో కళ్లారా చూసినవాళ్లం అయిదుగురం. అందులో నలుగురు మట్టిలో కలిశారు. నేను మిగిలాను. నేను అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చాను.

ఆ తరువాత రెండు వారాలు నాకు ఏ పుస్తకమూ పట్టలేదు. ఇది నా విషయంలో చిన్న సంగతి కాదు. నా బడి అయిదో తరగతితో ఆగింది, అదీ కన్నడ బడి. తెలుగు అక్షరాలు నాకెవరూ దిద్దించలేదు. బెల్లం పొట్లాల కాగితాలు ఏరుకొని, వచ్చిన కన్నడ అక్షరం పక్కన రాని తెలుగు అక్షరం పెట్టుకొని, ఎక్కడ ఒంపు తిరిగింది, ఎక్కడ తలకట్టు మారింది అని పోల్చి పోల్చి నేర్చుకున్నాను. తరువాత రాయచూరులో ఒక బడిలో వంటపని దొరికింది. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించగానే గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. చరిత్ర, వైద్యం, దేశదేశాల మతాలు, ఏది దొరికితే అది చదివాను. చేతులకు ఇంకా పోపు వాసన ఉండగానే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వందల పుస్తకాలు పూర్తి చేశాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. మౌలా కాక చేతికి జరిగిందానికి మొదలు కూడా ఈ గర్వమే.

అప్పటికి నాకు పదహారేళ్లు. మా ఇల్లంటే మా అవ్వ, నాయిన తల్లి. అమ్మా నాయినలు పత్తి చేలల్లో కూలికి పోతే ఇంట్లో నడిచేదంతా అవ్వ మాటే. తెల్లారగానే జొన్న రొట్టెలు తట్టే చప్పుడుకు లేచేవాళ్లం. మొదటి రొట్టె పొయ్యి గట్టు మీద విడిగా పెట్టేది. అది ఆ పూట గడప ముందుకు ఎవరొస్తే వాళ్లది. వచ్చినవాళ్ల పేరు, కులం అడగడం మా ఇంట్లో తప్పు. "పేరు అడిగి పెడితే గది పేరుకు పెట్టినట్టు, మనిషికి కాదు," అనేది. ఆదివారం మల్లయ్యకు పూజ, గురువారం ఊరి బయటి దర్గాలో దీపం. రెండింటికీ ఒకే నూనెసీసా, ఒకే వత్తులు. మల్లయ్య పూజలో పెట్టిన పసుపును మా దిక్కు బండారి అంటారు. దాన్ని అవ్వ ఒక తోలు సంచిలో ఉంచుకునేది. పొద్దుగూకి దీపం పెట్టే వేళ ఆ పసుపు చిటికెడు తీసి పెదవులకు రాసుకొని కళ్లు మూసుకునేది. ఏం మొక్కుతున్నావని అడిగితే, ఈ దినం నోరు జారి ఎవరినన్నా ఏమన్నా అంటే అది తనతోనే ఉండిపోవాలని మొక్కుతున్నానంది. అప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఆ ఇంట్లో ఊదు పొగ, కాలిన జొన్నపిండి, పసుపు కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పుడు అది ఎక్కడైనా తగిలితే నాకు ముందు భయమే వేస్తుంది.

పిల్లలు పుట్టి పోతుంటే అవ్వ ఆ దర్గాకు మొక్కుకుంది. అట్లా దక్కినవాడు మా నాయిన, అందుకే ఆయన పేరు హుసేనప్ప. మా వైపు ఇలాంటి పేర్లకు ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఆ మొక్కు కింద మూడేళ్లకొకసారి మా ఇంటివాళ్లం దర్గా దగ్గర కందూరు చేసేవాళ్లం. అంటే మేకను కోసి, ఫాతెహా చదివించి, ఊరందరికీ అక్కడే వండి పెట్టడం. కోసేది, చదివేది మా ఊరి ముల్లా అయిన మౌలా కాక. కందూరే కాదు, మా ఇంట్లో ఎప్పుడు మాంసం వండినా ఆయన చేతి మీదుగా కోసిందే. మల్లయ్యను కొలిచే అవ్వకు ఆ పట్టు ఎందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు. ముల్లా కోస్తే ఆ కూర అందరూ తినవచ్చు, వేరేవాళ్లు కోస్తే ఊళ్లో కొందరు తినలేరు. "ఒక్కరన్న తినలేని కూర నేనెందుకు వండాలె?" అనేది. మౌలా కాక సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. మేక చెవిలో ఏదో మెల్లగా చెప్పి, నీళ్లు తాగించి గాని కత్తి పట్టేవాడు కాదు.

ఆ యేడు వానలకు దర్గా ప్రహరీ ఒక పక్క కూలింది. కందూరు నాటికి గోడ లేపాలని మౌలా కాక రాళ్ల గనివాళ్లకు చెప్పి పంపాడు. వాళ్లు కన్నడలో ఒక చీటీ రాసి పంపారు. ఆయనకు ఉర్దూ తప్ప రాదు కాబట్టి ఎప్పటిలాగే నా దగ్గరకు తెచ్చాడు. పది బండ్ల కల్లు పంపిస్తామని, కందూరు జరిగే గురువారం లోపల దర్గా దగ్గర దింపుతామని అందులో ఉంది. కన్నడలో కల్లు అంటే రాయి. మా తెలుగులో కల్లు అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. రెండు లిపుల్లో రాసినా దాదాపు ఒకేలా కనిపించే ఆ మాటను చూడగానే నాకు ఎంత సంబరమైందో ఇప్పటికీ గుర్తుంది. ఇలాంటిది పట్టుకోగలిగేది ఊళ్లో నేనొక్కదాన్నే అనుకున్నాను. నీళ్లకు పోయినప్పుడు బావి దగ్గర ఆడవాళ్లందరి ముందు, "కందూరుకు అందరు రాండ్రి, మౌలా కాక దర్గాకు పది బండ్ల కల్లు తెప్పిస్తున్నడు, నేనే చీటీ చదివిన," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఒకామె, "మరి మాంసం మీరు తెస్తిరి, కల్లు సాబులు తెస్తిరి, ఇగ మేం లోటలు తెస్తం తియ్," అంది. నేను బిందె ఎత్తుకొని చెయ్యి ఊపుకుంటూ ఇంటికి వచ్చాను.

అవి మంచి రోజులు కావు. దూరాన ఏదో పట్టణంలో రెండు మతాలవాళ్లు రాళ్లు రువ్వుకున్నారని గిర్నీలో రేడియో చెబుతుండేది. మా ఊళ్లో ఎవరికీ ఆ పట్టణం ఎటు ఉందో కూడా తెలియదు, అయినా సాయంత్రం గిర్నీ అరుగు మీద గుంపు పెరుగుతూ వచ్చింది. నా నవ్వులాట మాట ఆ గాలిలో పడింది. తెలుగు మాట్లాడే ఇళ్ల గుండా పోయిన మాట సాయిబుల ఇళ్లకు చేరి, దర్గాలో కల్లు తాగుతారని హుసేనప్ప బిడ్డ పీరును ఎక్కిరించిందట అని తేలింది. కన్నడ మాట్లాడే ఇళ్ల గుండా పోయిన మాట నవ్వును మధ్యలోనే వదిలేసింది. ముల్లా దర్గా దగ్గర పది బండ్ల రాళ్లు పోగేస్తున్నాడు, గురువారం నాటికి, అని గిర్నీ అరుగు మీద కూర్చుంది. మూడో దినం బావి దగ్గర నేను పోగానే మాటలు ఆగాయి. నాలుగో దినం మౌలా కాక మా గడప ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అవ్వా, బండ్లు ఊరు మొగదలనే ఆపిండ్రు. రాళ్లెందుకు రా అని బండాయన అంగి పట్టుకున్నరట. గోడకు అని నేను చెప్తె నవ్వుతున్నరు. మావోళ్లేమో నాతోని మాట్లాడుత లేరు, పీరు ఇజ్జత్ తీపిచ్చినవని. నేనేం చేసిన్నో నాకే సమజ్ కాలె."

అవ్వ నా వైపు చూసింది. చీటీ చదివింది నేనే అని ఆమెకు తెలుసు. "ఏందే నర్సీ, ఏమన్నవు?" అంది. చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె లోపలికి పోయి తోలు సంచి తెచ్చింది. నా కొంగు చివర గుప్పెడు బండారి పోసి ముడి వేసింది.

"నీ మాట ఎన్ని గడపలు తొక్కిందో అన్ని గడపలకు నువ్వు పో. బండారి చేతుల పెట్టి, నేను నవ్వులకు అన్న, రాళ్లు గోడకు, కల్లు లేదు ఏం లేదు, అని చెప్పు. ఒక్క గడప ఇడిచినా అది చెప్పనట్టే."

"అందరి ముందల సిగ్గు పోతది అవ్వా."

"పోనియ్. ఆయన పానం పోతె తెచ్చిస్తవా?"

రెండు దినాలు తిరిగాను. మల్లయ్య బండారి చేతిలో పడ్డాక అబద్ధం ఆడితే ఇల్లు గుల్లవుతుందని మా దిక్కు నమ్మకం, అందుకే నేను చెప్పింది అందరూ నమ్మారు. కానీ ఊరికే నమ్మలేదు. "మరి చదువుకున్నదానివి కదనే, గంత తెలివి పెట్టి గీ పని చేస్తివా?" అన్నారు. సాయిబుల ఇళ్లలో బండారి చేతికి తీసుకోరేమో అని భయపడితే, ఒక ముసలామె తీసుకొని కళ్లకద్దుకొని, "మా పీరు మన్నించినా మీ మల్లయ్య ఇడువడు, జాగర్త," అని నవ్వింది. ఒక్కో గడప దిగుతుంటే కొంగు ముడి తేలికైంది, నా గొంతు కూడా తేలికైంది. చివరికి గిర్నీ ఒక్కటే మిగిలింది.

గిర్నీ శరణప్పది. పాత వార్తాపత్రికలు దాచి నాకు ఇచ్చేవాడు ఊళ్లో ఆయనొక్కడే. అరుగు మీద పదిమంది ఉంటే నన్ను పిలిచి కన్నడ వార్త చదివించి, "చూసిండ్రా, హుసేనప్ప బిడ్డ ఎట్ల చదువుతదో," అనేవాడు. ఆ దినం కూడా అరుగు నిండా మనుషులున్నారు. ఆయన తమ్ముడు నాగప్ప, నా కంటే రెండేళ్లు పెద్దవాడు, స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. పట్టా తిరుగుతున్న చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. శరణప్ప చెయ్యెత్తి గిర్నీ ఆపించాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. పిండి దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది.

"ఏనమ్మా నర్సీ, ఏదో చెప్తున్నవట ఇంటింటికి?"

"ఆ చీటీల..." అన్నాను.

"చీటీ నువ్వే చదివినవు కదా. నీ అంత మంచిగ చదివేటోళ్లు ఊర్ల లేరు. కల్లు అని ఉండెనా లేదా? హౌదో, అల్లో, గంతే చెప్పు."

అవునా కాదా అంటే అవును. గోడకు అన్న మాట ఆ చీటీలో లేదు. నేను నవ్వులకు అన్నానని చెప్పాలంటే, ఇన్నాళ్లు నన్ను మెచ్చుకున్న ఆ పదిమంది ముందు నేను బుద్ధిలేనిదాన్నని ఒప్పుకోవాలి. "హౌదు," అన్నాను. "చాలు, ఇగ పో," అన్నాడు. కొంగులో మిగిలిన బండారి దారిలో కంచె పక్కన దులిపేశాను. ఇంటికి పోయాక అవ్వ, "గిర్నీ కాడ?" అంది. "చెప్పిన," అన్నాను.

రాళ్లు రాలేదు, గోడ లేవలేదు. గురువారం తెల్లవారుజామున, వంటవాళ్లు రాకముందే, అవ్వా నేనూ మేకను తోలుకొని దర్గాకు వెళ్లాం. మౌలా కాక, నిండుచూలాలైన ఆయన భార్య జైనబీ చిన్నమ్మ, మౌలా కాక తమ్ముడు అప్పటికే ఉన్నారు. మంచు పడుతోంది. మౌలా కాక ఎప్పటిలాగే మేకకు నీళ్లు తాగించి, చెవిలో చెప్పి, కుడిచేత్తో కత్తి తీసి రాతిపలక మీద ఆనించాడు. గోడ కూలిన చోట ఏదో కదిలినట్టనిపించి నేను తల తిప్పాను. మొదట నాగప్ప ముఖం కనిపించింది. తరువాత పెద్ద రాయి. రాతిపలక మీద ఎముక నలిగిన చప్పుడు చాలా చిన్నగా వచ్చింది, గవ్వ పగిలినట్టు. మౌలా కాక అరవలేదు. మేక తెంచుకొని పోయింది. జైనబీ చిన్నమ్మ గట్టిగా ఏడవబోతే ఆయనే ఎడమచేత్తో ఆమె నోరు మూశాడు.

"చుప్. చుప్. ఇయ్యాల ఊరంత గిక్కడికి వస్తది. ఒక్కరికి తెల్సినా ఇగ ఆగదు." తలపాగ విప్పి చెయ్యి చుట్టుకున్నాడు. ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. "గిర్నీ పట్టాల పడ్డదని చెప్తం. అందరు గదే చెప్పుండ్రి. అవ్వా, నువ్వు కూడ."

అవ్వ నన్ను చూస్తూ అడిగింది. "గిర్నీ కాడ చెప్పినవా?"

"చెప్పలే."

ఆమె వంగి రాతిపలక మీది నెత్తురు కొంగుతో తుడిచింది. పారిపోయిన మేకను మౌలా కాక తమ్ముడు పట్టుకొచ్చి కోశాడు. మౌలా కాక చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని ఫాతెహా చదివాడు. మధ్యాహ్నానికి ఊరంతా వచ్చింది. వరుసల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో అవ్వే చెప్పి కూర్చోబెట్టింది. శరణప్ప కూడా వచ్చాడు. అందరి ముందు మౌలా కాక ఆయనతో, "మొన్న మీ గిర్నీల చెయ్యి పెట్టుకున్న శరణప్పా, తప్పు నాదే," అన్నాడు. శరణప్ప ముఖంలో రక్తం ఇంకిపోయింది. కూర్చొని విస్తట్లో పెట్టిందంతా తిన్నాడు. మరునాడు రాళ్ల బండ్లు ఊళ్లోకి వచ్చాయి. వాటిని దింపినవాళ్లలో నాగప్ప ఉన్నాడు.

ఆ దినం సాయంత్రం అవ్వ నన్ను మౌలా కాక ఇంటికి తీసుకుపోయి గడప ముందు నిలబెట్టింది. నేనేం చేశానో అంతా చెప్పాను. "చదువు ఇడువకు బిడ్డా," అన్నాడు ఆయన. "జర చూసి ఇప్పు నోరు." దారిలో అవ్వ అంది, "ఊరు నిమ్మళమైంది. నిజం నిమ్మళం కాలె." ఆనాటి నుంచి చనిపోయేదాకా ఆమె మాంసం ముట్టలేదు. కారణం అడిగినవాళ్లకు నమలడానికి పండ్లు లేవనేది.

నేను చదివిన పుస్తకాల్లో శాంతి గురించి, ధర్మం గురించి పెద్దవాళ్లు రాసిన చాలా మాటలున్నాయి. వాటిలో నాకు నచ్చినవి నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. కానీ భక్తి అంటే పొరపాటు మాట తొక్కిన గడపలన్నీ తిరిగి తొక్కడమని మా అవ్వ తప్ప ఎవరూ నాకు అంత తేలికగా చెప్పలేదు. అప్పుడు మాట మనిషి నడిచినంత వేగంగానే పోయేది, కాబట్టి నడిచి దాన్ని పట్టుకోవచ్చు. ఇప్పుడు మా ఇంటివాళ్ల ఫోను గుంపులో పొద్దున లేస్తే ఎవరి దుకాణంలో కొనకూడదో, ఎవరు కోసింది తినకూడదో వస్తోంది. పంపేది నేను ఎత్తుకొని పెంచిన పిల్లలే. మా తమ్ముడి కొడుకు తన కాగితాల్లో తాత పేరు హుసేనప్పను హెచ్చప్ప అని మార్పించుకున్నాడట. గడపలు ఎక్కడున్నాయో తెలియని ఈ మాటల వెనక ఎవరు తిరగాలి? నాకు తెలియదు. నేను తిరగవలసిన గడప ఒకటి మాత్రం మిగిలి ఉందని తెలుసు.

మౌలా కాక ఊరి కోసం దాచాడు. నేను నా కోసం దాచుకున్నాను. రెండూ ఒకటి కాదని ఈ రెండు వారాల్లో తేల్చుకొని, మొన్న మళ్లీ బస్సెక్కాను. రసూల్ ఇంట్లోనే ఉన్నాడు. అతని కొడుకు ఇమ్రాన్ యరమరస్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. మధ్యాహ్నం షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటున్నాడు. చాయ్ ఇచ్చారు. తాగకుండా చెప్పాను.

"రసూల్, మీ అబ్బా చెయ్యి గిర్నీల పడలే. రాయి పడ్డది."

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఎవలేసిండ్రక్కా?"

"రాయి కంటె ముందుగాల ఒక మాట పడ్డది. ఆ మాట ఏసింది నేను."

"నేనడిగింది రాయి సంగతి."

బయట మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. "ఏం రా ఇమ్రాన్, పెండ్లికొడుకు లెక్క తయారైతున్నవు? టైమైంది, రా," అని ఒక గొంతు పిలిచింది. ఇమ్రాన్ నవ్వుతూ, టిఫిన్ డబ్బా పట్టుకొని బయటికి పరుగెత్తాడు. కిటికీలోంచి చూశాను. బండి నడుపుతున్నది నాగప్ప మనవడు. ముఖం అచ్చం తాతదే. ఇమ్రాన్ వెనక ఎక్కి అతని భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. నేను ఆ ముఖాన్ని ఎంతసేపు చూశానో నాకు తెలియదు గాని, రసూల్ నన్ను చూస్తున్నాడు.

బండి చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా అతను కదల్లేదు. తరువాత లేచి, తలుపు దగ్గరకు వేసి, గడియ పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇగ చెప్పక్కా," అన్నాడు. "మొదటి సంది."